గుండీల డబ్బాలోని బోల్టు

పోయిన వారం మనం వదిలిపెట్టేసరికి నారిస్ ట్రాంటర్ వంటింట్లో, పోయిన తల్లి గుండీల డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. కోటుకి ఊడిన గుండీ కోసం వెతుకుతుంటే గుడ్డపేలికలో చుట్టిన బోల్టు ఒకటి చేతికి తగిలింది. చూపుడువేలంత పొడవు, నిండా తుప్పు. దాన్ని చూడగానే ముప్ఫై ఏడేళ్ళ కిందటి శనివారం అతని కళ్ళముందు నిలబడింది.

ఆ శనివారం అన్న క్లిఫర్డ్ ఫుట్‌బాల్ ఆట చూడ్డానికి పోతే, పంతొమ్మిదేళ్ళ నారిస్ అతనికి తెలియకుండా అతని రైక్రాఫ్ట్ మోటార్‌సైకిల్ వేసుకుని స్టౌర్‌బ్రిడ్జ్ బయల్దేరాడు. దారిలో ముందు టైరు పంక్చరైంది. తోసుకుంటూ ఇంటికి తెచ్చి, పెరట్లో బట్టలుతికే గదిలో చక్రం ఊడదీసి, అతుకేసి, అన్న వచ్చేలోగా మళ్ళీ బిగించేశాడు. మర్నాడు మక్లో హిల్ దిగుతుండగా క్లిఫర్డ్ బండి ముందు చక్రం ఒక్కసారిగా పట్టేసింది. మనిషి గాల్లోకి లేచి రాతిగోడకి కొట్టుకున్నాడు. బ్రేకు ప్లేటుని, ముందు చక్రాన్ని రెండువైపులా పట్టి ఉంచే ఫోర్కుకి కట్టిపడేసే బోల్టు దాని చోట్లో లేదన్నారు. వారం కిందట ఆ బ్రేకు బాగుచేసిన మెకానిక్ ఆల్విన్ ప్రోబర్ట్ మరణ విచారణలో లేచి నిలబడి, "సరిగ్గా బిగించలేదేమో. తప్పు నాదే" అని ఒప్పుకున్నాడు. నారిస్ నోరు మెదపలేదు.

ఆ బోల్టు ఇన్నాళ్ళూ తల్లి గుండీల మధ్య ఉంది. అంటే ఆమెకి తెలుసు. తెలిసీ ఒక్కనాడూ అడగలేదు.

శుక్రవారం పొద్దున బెరిల్ వంటింట్లోకి వచ్చేసరికి ఆమె మొగుడు పొయ్యి ముందు బాసింపట్టు వేసుకుని, ఓవెన్ తలుపు గాజులోంచి లోపలికి చూస్తున్నాడు. లోపల ఉన్నది కేకు కాదు, రైక్రాఫ్ట్ ఇంజను తొడుగు. వేడెక్కి సాగితేగాని అందులో బేరింగు కూర్చోదు. తల్లి పోయాక అన్న బండి తెచ్చి, విప్పి బాగుచేస్తున్నాడు; ఆరు వారాలుగా ఆ ఇల్లు ఇల్లులా లేదు. బట్టలారేసుకునే దండెం మీద పెట్రోలు ట్యాంకు ఆరుతోంది. మాంసం వేయించే పళ్ళెంలో గేర్‌బాక్సు పళ్ళచక్రాలు పాత పేపరు మీద వరసగా పేర్చి ఉన్నాయి. కిందటి ఆదివారం బెరిల్ చేసిన పోర్కు రోస్టు ఇంజనాయిలు వాసనేస్తే, నారిస్ కిక్కురుమనకుండా రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు.

"ఇంకా బయల్దేరలేదా?" అంది బెరిల్.

"ఈ బేరింగు ఒక్కటీ కూర్చోబెట్టేసి..."

"ఆ బేరింగు ముప్ఫై ఏడేళ్ళు ఆగింది. ఇంకో పూట ఆగితే దాని సొమ్మేం పోదు." ఆమె వంగి ఓవెన్ ఆర్పేసింది. "లే."

నారిస్ లేవలేదు. "వెళ్ళి ఏమని చెప్పను?"

"నిన్న నాకు చెప్పినట్టే చెప్పు. నాకు చెప్పడానికి ముప్ఫై మూడేళ్ళ కాపురం పట్టింది నీకు. ఆల్విన్ ఉండే బ్యూడ్లీ ఇరవై మైళ్ళే." కోటు తెచ్చి అతని భుజాలమీద పడేసింది. గుండీ కుట్టి ఉంది. "ఆ రోజు నువ్వు స్టౌర్‌బ్రిడ్జ్ బయల్దేరింది నన్ను చూడ్డానికే కదా నారిస్. గడియారం స్తంభం కింద గంటసేపు నిలబడి, రాలేదని నిన్ను తిట్టని తిట్టు లేదు. నిన్నట్నుంచీ ఆ తిట్లన్నీ నా గొంతులో అడ్డం పడుతున్నాయి. వెళ్ళిరా, ఇంక నావల్ల కాదు."

బ్యూడ్లీ చేరేసరికి పదకొండయింది. వానలకి సెవెర్న్ నది ఒడ్డు మెట్లని సగం ముంచి ఎర్రగా పోతోంది. వంతెన దాటాక రెండో సందులో, పాత గుర్రపుశాల ఒకటి. తలుపు మీద చేత్తో రాసిన బోర్డు: గడ్డి కోసే మిషన్లు పదును పెట్టబడును. పేరు లేదు. ఇల్లు ఇదేనా కాదా అని నారిస్ కార్లో కూర్చుని పావుగంట సేపు ఆలోచించాడు. ఆలోచించాల్సిందేమీ లేదని తెలిసే ఆలోచించాడు.

లోపల ఒక మనిషి వీపు ఇటు తిప్పి, తిరగేసిన మిషన్ బ్లేడు మీద ఆకురాయి ఆడిస్తున్నాడు. తలెత్తలేదు.

"అక్కడ పెట్టేసి, చీటీ మీద పేరు రాసి వెళ్ళండి. మంగళవారానికిస్తాను."

"మిషనేం తేలేదు," అన్నాడు నారిస్.

ఆకురాయి ఆగింది.

"ఒక్క క్షణం క్లిఫ్ అనుకున్నాను," అన్నాడు ఆల్విన్ ప్రోబర్ట్ ఇటు తిరగకుండానే. "గొంతు అచ్చం అలాగే ఉంది. మీ ఇంట్లో అందరికీ ఒకటే గొంతు." అప్పుడు తిరిగాడు. ఒకప్పుడు సైడ్‌కారు ఒంటిచేత్తో ఎత్తిన మనిషి. ఇప్పుడు చొక్కా కాలర్లో మెడ వదులుగా ఉంది. "ముసలాడివైపోయావు, చిన్నోడా."

"నువ్వూను."

"నాకు ఇరవై ఆరేళ్ళకే వచ్చేసిందిలే ముసలితనం."

నారిస్‌కి కూర్చోమని ఎవరూ చెప్పలేదు. నిలబడే ఉన్నాడు. గోడ పొడుగునా గడ్డి మిషన్లు, కత్తెరలు, ఒక చక్రాల కుర్చీ. మోటార్‌సైకిల్‌కి సంబంధించింది ఏదీ కంటికి కనిపించలేదు.

"చూసుకో, బాగా చూసుకో," అన్నాడు ఆల్విన్ అతని చూపు పట్టుకుని. "కొట్టు మూతపడ్డాక నాకెవరూ రెండు చక్రాలున్నదేదీ ఇవ్వలేదు. సైకిలు కూడా. గడ్డి మిషన్లు మనుషుల్ని చంపవు కదా, ఇవి మాత్రం ఇచ్చారు. మీ అమ్మ పోయిందని పేపర్లో చూశాను. పూలు పంపుదామనుకున్నా. మళ్ళీ గోడ అవతలికి విసిరేస్తావని ఊరుకున్నా."

నారిస్ తల దించుకున్నాడు. క్లిఫర్డ్ని పూడ్చిన రోజు ఆల్విన్ తెల్ల చామంతుల పూలచక్రం పట్టుకుని చాపెల్ గేటు దగ్గర నిలబడితే, దాన్ని లాక్కుని గోడ మీంచి రోడ్డు మీదికి విసిరేసింది నారిసే. పదిమంది పట్టుకుంటేగాని ఆగలేదు. ఎంత ప్రేమో అన్న మీద, అన్నారు జనం. బంగారం లాంటి పిల్లాడు అన్నారు. తన గుండెలో ఉన్న భయమే ఆ చేతుల్లోకి వచ్చిందని అతనికొక్కడికే తెలుసు.

"ఆల్విన్, నేనొక మాట చెప్పాలని వచ్చాను."

"చెప్పు మరి. మాటలకి చీటీ అక్కర్లేదు."

చెప్పాడు. శనివారం, పంక్చరు, బట్టల గది, ఊడదీసిన చక్రం, గుండీల డబ్బాలో దొరికిన బోల్టు. దారిలో కారులో కూర్చి పెట్టుకున్న వాక్యాలన్నీ ఎక్కడివక్కడ ఊడిపోయి, ముక్కలు ముక్కలుగా బయటికొచ్చాయి. "బిగించాననే అనుకున్నాను. ఎన్నిసార్లు తలుచుకున్నా చేతికి స్పానరు పట్టుకున్నట్టు గుర్తుంటుంది. తిప్పినట్టు గుర్తుండదు. నువ్వు చేసిన పని సరైనదే. చెడగొట్టింది నేను. క్లిఫ్‌ని చంపింది నేను."

ఆల్విన్ చేతులు పాతగుడ్డతో తుడుచుకుంటున్నాడు. ఒక్కొక్క వేలూ విడివిడిగా తుడిచాడు.

"తెలుసు," అన్నాడు.

"ఏంటి?"

"నాకు తెలుసు. విచారణకి వెళ్ళే ముందే తెలుసు." గుడ్డ మేకుకి తగిలించాడు. "ఆ బుధవారం పొద్దున్నే, కొట్టు తలుపు ఇంకా పూర్తిగా తియ్యలేదు, మీ అమ్మ వచ్చింది. తలకి స్కార్ఫు కూడా లేదు. మీ అమ్మ స్కార్ఫు లేకుండా వీధిలోకి రావడం నువ్వెప్పుడైనా చూశావా? 'ఆల్విన్, నాయనా, శనివారం మావాడు చక్రం ఊడదియ్యడం కిటికీలోంచి చూశాను. ఇది ఇవాళ బట్టల గదిలో దొరికింది' అని గుప్పిట తెరిచింది. బోల్టు. నేను చూశానో లేదో, మళ్ళీ మూసేసింది."

నారిస్ పక్కనున్న పీపా మీద కూర్చున్నాడు.

"'ఒకడు పోయాడు నాయనా. తన చేతుల్తోనే అన్న పోయాడని తెలిస్తే రెండోవాడు వారం బతకడు. నీకు చేతిలో పని ఉంది, నాలుగు రోజులు అనుకుని జనం మర్చిపోతారు. వాడు మర్చిపోలేడు' అంది. నా కాళ్ళు పట్టుకోబోయింది. మా అమ్మ పోయాక ఆరేళ్ళు నాకు అన్నం పెట్టిన మనిషి. కాళ్ళు పట్టుకోనిస్తానా?" ఆల్విన్ గొంతు ఇంతసేపట్లో మొదటిసారి పెరిగింది. "నాలుగు రోజులంది. నేనూ అలాగే అనుకున్నాను. కుర్రతనం. ఓ నెల, మహా అయితే రెండు నెలలు అనుకున్నా. నాలుగు నెలలకి కొట్టు పోయింది. మా నాన్న బజార్లోకి వెళ్తే పక్కకి తప్పుకునేవాళ్ళు. ఆయన పోయినప్పుడు కూడా చాపెల్లో చివరి బెంచీలో కూర్చుని, ఆఖరి పాట కాకముందే లేచొచ్చేశాను, సొంత తండ్రికి."

"నాతో ఎందుకు చెప్పలేదు? ఒక్కసారైనా—"

"నీకోసం చేశాననుకుంటున్నావా? నీ మొహానికి చేస్తానా? మీ అమ్మకి మాటిచ్చాను. ఆవిడ బతికున్నన్నాళ్ళూ నోరు కట్టేసుకున్నాను. అయినా నువ్వే వస్తావనుకున్నాను. మొదటి పదేళ్ళూ సందు చివర కారు ఆగితే నువ్వేననుకునేవాణ్ణి. తర్వాత మానేశాను."

వాన మళ్ళీ మొదలైంది. రేకు కప్పు మీద చప్పుడు. ఆల్విన్ మూలకి వెళ్ళి కెటిల్ పెట్టాడు. అది స్నేహం కాదనీ, చేతులకి పని కావాలనీ నారిస్‌కి అర్థమైంది. ఆ అవసరం అతనికీ బాగా తెలుసు.

"క్షమించమని అడగను," అన్నాడు నారిస్.

"అడక్కు. అడిగితే ఇవ్వాల్సొస్తుంది. నా దగ్గర లేదు." రెండు మగ్గుల్లో టీ పోశాడు. చక్కెర ఎన్ని చెంచాలని అడగలేదు. మూడు వేశాడు. పంతొమ్మిదేళ్ళప్పుడు నారిస్ మూడే వేసుకునేవాడు. ఇప్పుడు డాక్టరు ఒక్కటీ వద్దన్నాడు. ఆ టీ చివరిదాకా తాగాడు.

"బండి ఎలా ఉంది?" అన్నాడు ఆల్విన్ ఉన్నట్టుండి. అడగకూడదనుకుని అడిగినట్టుంది.

"అమ్మ ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఇన్నేళ్ళూ టార్పాలిన్ కిందే ఉండిపోయింది. పిస్టను బిగుసుకుపోయింది, డీజిలు పోసి తొమ్మిది రోజులు నానబెట్టాను. సిలిండరు బాగానే ఉంది. మాగ్నెటో తీగ చుట్టించాను, నిప్పురవ్వ చక్కగా వస్తోంది."

"సిలిండరుకేం ఢోకా ఉండదులే. నేను లోపల బోరు కొట్టి నునుపు చేసిందేగా అది." ఆ మొహంలో పాత ఆల్విన్ ఒక్క క్షణం తొంగిచూసి పోయాడు. "ఇంతకీ ఆ బోల్టు తెచ్చావా? తేకుండా ఉండవు. ఇలా పడెయ్యి."

నారిస్ జేబులోంచి గుడ్డపేలిక తీసి బల్లమీద పెట్టాడు. ఆల్విన్ కళ్ళజోడు పెట్టుకున్నాడు. బోల్టుని దీపం కిందకి తీసుకెళ్ళి, ఇత్తడి బ్రష్‌తో రెండుసార్లు రుద్ది, గోరుతో దాని మరచుట్ల వెంట గీశాడు. మళ్ళీ గీశాడు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

గోడవైపు వెళ్ళి, మిషన్ల వెనకనుంచి ఒక చెక్కపెట్టె లాగాడు. మూత మీద దుమ్ము వేలి మందాన ఉంది. లోపల చిన్న చిన్న పొగాకు డబ్బాలు. ప్రతిదాని మీదా పెయింటుతో 'రైక్రాఫ్ట్' అని రాసుంది. కొట్టు పోయినా, ఊరు మారినా, ఆ పెట్టె మాత్రం పారెయ్యలేదన్నమాట. ఒక డబ్బాలోంచి నట్టు తీసి బోల్టుకి ఎక్కించాడు. ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టులో పట్టేసింది.

"ఇది ఆ బోల్టు కాదు," అన్నాడు.

"తుప్పు పట్టింది కదా, దానివల్ల—"

"తుప్పు సంగతి నాకు చెప్తావా? ఇటు చూడు." అదే డబ్బాలోంచి ఇంకో బోల్టు తీసి పక్కన పెట్టాడు. పొడవొకటే, తల ఒకటే. కానీ దీని మరలు సన్నగా, దగ్గర దగ్గరగా ఉన్నాయి. తల్లి దాచిన దాని మరలు కాస్త ముతక. పక్కపక్కన పెడితే పసిపిల్లాడైనా చెప్తాడు. "రైక్రాఫ్ట్ బండిలో ఎక్కడా ఇలాంటి మర ఉండదు. ముప్ఫై నాలుగేళ్ళు యంత్రాలకి పనిముట్లు అమర్చే టూల్ సెట్టరుగా పని చేశావట. ఒక్కసారి నట్టు ఎక్కించి చూడలేదా?"

"లేదు."

"ఎందుకు?"

నారిస్‌కి చూడక్కర్లేదనిపించింది. ఆ గుడ్డ విప్పుతుండగానే లోపల ఉన్నదేమిటో అతనికి తెలిసిపోయింది, లేదా తెలిసిందనుకున్నాడు. తేలు కుట్టిన దొంగ ఆ తేలు ఏ రంగుదని చూస్తాడా?

"నాదీ అంతేలే," అన్నాడు ఆల్విన్ నెమ్మదిగా. "ఆవిడ గుప్పిట తెరిచి మూసింది. చేతికిచ్చి చూపించమని అడగలేదు నేను. అడగాల్సింది. మెకానిక్‌ని కదా." బోల్టుని అరచేతిలో అటూ ఇటూ దొర్లించాడు. "ఇది ఇంట్లో వాడే సామానుది. కుట్టుమిషనుదో, పొయ్యిదో..."

"బట్టలు పిండే రోలర్లది," అన్నాడు నారిస్. అతని గొంతు అతనికే పరాయిగా వినిపించింది. "ఆ ఏడాదినుంచే బట్టల గదిలో అమ్మ రోలర్ల యంత్రం ఒకపక్క లటలటలాడేది. ఒక బోల్టు ఎక్కడో పడిపోయిందనేది. అట్టముక్క మడిచి సందులో దోపి, పోయేదాకా అలాగే వాడింది."

ఆల్విన్ బల్ల అంచు పట్టుకుని మెల్లగా స్టూలు మీద కూర్చున్నాడు. ఇంతసేపూ కోపం అతన్ని నిలబెట్టిందనీ, ఇప్పుడు అదీ పోయిందనీ నారిస్ గ్రహించాడు.

కానీ మెకానిక్ మెదడు ఊరికే కూర్చోదు. కాసేపటికి ఆల్విన్ తలెత్తాడు.

"మరి అసలు బోల్టు ఏమైంది?"

"రోడ్డు మీద పడిపోయుంటుంది. నేను బిగించకపోతే..."

"బిగించకపోతే ఊడి పడిపోతుంది. రంధ్రం ఖాళీగా ఉంటుంది. బిగించి ఉండి, విరిగిందనుకో? తల ఊడి ఎగిరిపోతుంది, తోక ఫోర్కు రంధ్రంలోనే ఇరుక్కుని ఉంటుంది. ఇప్పటికీ ఉంటుంది. విచారణలో ఎవరు చూశారు? తప్పు నాదేనని ఎదురుగా ఒకడు ఒప్పుకుంటుంటే, బురదపట్టిన రంధ్రంలోకి తొంగిచూసేవాడెవడు?" అతను లేచాడు. "ఫోర్కు చూశావా చిన్నోడా? ఆ రంధ్రంలో ఏముంది?"

"చూడలేదు."

"ఆరు వారాలు బండి విప్పి చూడలేదా?"

"వెనకనుంచి మొదలెట్టాను. ముందువైపుకి వచ్చేసరికి... ముట్టుకోలేకపోయాను, ఆల్విన్. కళ్ళు మూసుకుని గోనెసంచిలో చుట్టేశాను. లై ఊళ్ళో తుప్పు వదిలించి పెయింటు కొట్టే అతనున్నాడు. మొన్న బుధవారం అతనికి ఇచ్చేశాను. ఏ రంధ్రంలో ఏం ఇరుక్కున్నా అన్నీ డ్రిల్లుతో తీసి, కొత్త మరలు కొయ్యమన్నాను."

"ఎప్పుడు చేస్తానన్నాడు?"

"శుక్రవారం. ఇవాళే."

ఆల్విన్ అప్పటికే గోడ ఫోను తీసి అతని చేతిలో పెట్టాడు.

నారిస్ నంబరు తిప్పాడు. రెండుసార్లు తప్పు తిప్పి, మూడోసారి సరిగ్గా తిప్పాడు. అవతల మోగుతోంది. మోగినకొద్దీ అతనికి లోపల ఒక లెక్క తేలుతోంది. రంధ్రం ఖాళీగా ఉంటే తప్పు తనది. అప్పుడు తల్లి కాపాడింది నిజంగా కాపాడవలసిన కొడుకునే, ఆల్విన్ తన బతుకు ధారపోసింది ఒకరి ప్రాణం నిలబెట్టడానికే. కానీ విరిగిన ముక్క ఉంటే? తను ఏ తప్పూ చెయ్యలేదు. తల్లి అబద్ధపు భయంతో ముప్ఫై ఏడేళ్ళు పెదవి కుట్టేసుకుంది. ఈ మనిషి కొట్టునీ, ఊరునీ, తండ్రి ఆఖరి చూపునీ వదులుకున్నది ఒక బట్టలు పిండే యంత్రం బోల్టు కోసం.

తప్పు తనదే అయితే బాగుండునని జీవితంలో మొదటిసారి అనిపించింది నారిస్‌కి.

"హలో?" ఆడమనిషి గొంతు. వెనక ఏదో మోటారు రొద.

"ట్రాంటర్ని. నా ఫోర్కు..."

"ఆ, ట్రాంటర్ గారూ! మీ పనే ఇప్పుడు బల్లమీద ఉంది. మా ఆయన డ్రిల్లుకి ముక్కు బిగిస్తున్నాడు. ఏమైనా చెప్పమంటారా?"

ఆపమని ఒక్క మాట చాలు; అనకపోతే ఆ రంధ్రంలో ఏముందో ఇక ఎవరికీ తెలియదు. ఆల్విన్ ఎదురుగా నిలబడి, అతని పెదవులకేసే చూస్తున్నాడు.

"ట్రాంటర్ గారూ, ఉన్నారా? వినిపించట్లేదు..."

అవతల డ్రిల్లు తిరగడం మొదలైంది.